దారి తప్పుతానన్న భయం: ఫోబియా అవునో కాదో తేల్చుకోవడం, తగ్గించుకోవడం ఎలా?

కొత్త చోటికి ఒంటరిగా వెళ్లాలంటే కాస్త బెరుకు అందరికీ ఉంటుంది. ఉండాలి కూడా. ఎందుకంటే మన దిక్కుల తెలివి మనం అనుకున్నంత గట్టిదేమీ కాదు. 2009లో యాన్ సౌమన్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు కొంతమందిని అడవిలోనూ సహారా ఎడారిలోనూ తిన్నగా నడవమని చెప్పి, వాళ్లు వెళ్లిన దారిని జీపీఎస్‌తో నమోదు చేశారు. సూర్యుడో చంద్రుడో కనిపిస్తున్నంతసేపూ వాళ్లు తిన్నగానే నడిచారు. మబ్బు కమ్మాక మాత్రం తిన్నగా వెళ్తున్నామనే అనుకుంటూ గుండ్రంగా తిరిగారు. తాము నడిచిన దారినే మళ్లీ దాటినా వాళ్లకు తెలియలేదు. కాబట్టి "తప్పిపోతానేమో" అన్న ఆలోచన రావడంలో తప్పేమీ లేదు.

ఆ ఆలోచన వచ్చాక మీరేం చేస్తున్నారన్నదే అసలు విషయం. ఈ భయానికి ఇచ్చే సలహాల్లో చాలావరకు "మ్యాప్ బాగా చూసుకోండి, ముందే బయలుదేరండి, తెలిసినవాళ్లను తోడు తీసుకెళ్లండి" అనే రకంవి. మామూలు బెరుకుకు అవి చాలు. ఫోబియా, అంటే జబ్బు స్థాయికి చేరిన భయం, ఉన్నవాళ్లు మాత్రం ఇవన్నీ ఎప్పటినుంచో చేస్తూనే ఉంటారు, భయం తగ్గదు సరికదా ఇంకాస్త పెరుగుతుంది. వాళ్లు అలవాటు చేసుకోవాల్సింది దారి తెలియని పది నిమిషాల్ని తట్టుకోవడం. మీది ఈ రెండింట్లో ఏదో ముందు తేల్చుకోండి. మందు దాన్ని బట్టే మారుతుంది.

1. "తప్పిపోతే ఏమవుతుంది?" అని రాసి చూడండి

ఒక కాగితం తీసుకుని "నేను దారి తప్పితే..." అని మొదలుపెట్టి వాక్యం పూర్తి చేయండి. దాని కింద "అయితే?" అని రాసి మళ్లీ జవాబివ్వండి. ఇక రాయడానికి ఏమీ లేదనిపించేదాకా అలాగే కిందికి దిగండి. మనసులో అనుకుంటే సరిపోదు. మనసులో ఈ ఆలోచన ఎప్పుడూ మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతుంది, అందుకే అంత భయంకరంగా ఉంటుంది.

ఒకరి కాగితం ఇలా ఉండొచ్చు: "తప్పితే ఇంటర్వ్యూకి ఆలస్యమవుతుంది. అయితే? లోపలికి వెళ్లగానే అందరూ నావైపే చూస్తారు. అయితే? ఈ మాత్రం చేతకాదా అనుకుంటారు." ఇక్కడ దారి ఒక సాకు మాత్రమే, భయమంతా నలుగురి చూపు గురించి. ఇంకొకరిది: "తప్పితే గుండె దడ మొదలవుతుంది. అయితే? ఊపిరాడదు. అయితే? పడిపోతాను, చూసే దిక్కుండదు." ఈ మనిషి భయపడేది ఒంట్లో పుట్టే అలజడికి. మూడో వ్యక్తి రాసేది: "తప్పితే ఎక్కడున్నానో తెలియదు. అయితే? తెలియదు, అంతే. అదే నావల్ల కాదు." దారి తప్పే భయం అచ్చంగా అంటే ఇదే.

నాలుగో రకం కూడా ఉంది: "తప్పితే ఎవరైనా ఏమైనా చేస్తారు." వెళ్లే చోటును బట్టి, వేళను బట్టి, ముఖ్యంగా ఒంటరి ఆడవాళ్ల విషయంలో ఇది పూర్తిగా సబబైన లెక్క కావచ్చు. దాన్ని ఫోబియా ఖాతాలో వేసి "ధైర్యంగా ఉండు" అని చెప్పడం అన్యాయం. అక్కడ కావలసింది సురక్షితమైన దారి, సురక్షితమైన వేళ.

మీ కాగితంలో చివరి వాక్యం కింద గీత గీసి ఉంచండి. తర్వాత పని చేయాల్సింది దాని మీదే.

2. ఫోబియా అని ఎప్పుడంటారో చూసుకోండి

ఇంటర్నెట్‌లో దారి తప్పే భయానికి "మేజియోఫోబియా" అనే పేరు కనిపిస్తుంది. ఆ పేరుతో డాక్టర్ల పుస్తకాల్లో విడిగా ఏ జబ్బూ లేదు. ఇలాంటి పేర్ల జాబితాలు వందల కొద్దీ దొరుకుతాయి. చదవడానికి సరదాగా ఉంటాయి తప్ప, మీకున్నది జబ్బో కాదో అవి చెప్పలేవు. మానసిక జబ్బుల్ని గుర్తించడానికి అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో తెచ్చిన డీఎస్ఎం-5 అనే పుస్తకంలో గానీ, ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి జబ్బుల జాబితా ఐసీడీ-11లో గానీ ఉన్నది "స్పెసిఫిక్ ఫోబియా" అనే ఒక్క పెద్ద గది. ఫలానా వస్తువుకో, ఫలానా పరిస్థితికో ముడిపడిన భయాలన్నీ అందులోకే వస్తాయి.

ఆ గదిలోకి రావాలంటే కొన్ని షరతులు ఒకేసారి కుదరాలి. ఒకటి, ఆ పరిస్థితి ఎదురైన దాదాపు ప్రతిసారీ, అప్పటికప్పుడే భయం రావాలి. ఒకసారి వచ్చి నాలుగుసార్లు రాకపోతే అది వేరు. రెండు, దాన్నుంచి తప్పించుకుని తిరగాలి, లేదా పళ్లబిగువున భరించాలి. మూడు, భయం అసలు ప్రమాదానికి మించి ఉండాలి. చీకటి పడే వేళ, నీళ్లు లేకుండా, అడవిలో దారి తప్పినవాడు వణికితే అది ఫోబియా కాదు. పట్టపగలు, మనుషులు తిరిగే పెద్ద షాపింగ్ మాల్‌లో బయటికి వెళ్లే తలుపు కనబడక కాళ్లు చచ్చుబడితే ఆలోచించాలి. నాలుగు, ఇది కొన్ని నెలలుగా సాగుతుండాలి. డీఎస్ఎం-5 సాధారణంగా 6 నెలలు లేదా అంతకు మించి అంటుంది.

అయిదో షరతే నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యం: దాని వల్ల మీకు తీవ్రమైన బాధ కలగాలి, లేదా మీ బతుకులో ఏదో ఒకటి ఆగిపోయి ఉండాలి. భయం ఎంత పెద్దది అని అడిగితే ఎవరూ సరిగ్గా చెప్పలేరు. దాని వల్ల ఏం వదులుకున్నారు అని అడిగితే చెప్పగలరు. వేరే ఊళ్లో వచ్చిన ఉద్యోగం వదులుకున్నారా? స్నేహితుల పెళ్లిళ్లకు వెళ్లడం మానేశారా? పిల్లల స్కూల్ మీటింగ్‌కి ప్రతిసారీ ఎవరినో పంపుతున్నారా? బస్సు ఎక్కితే దిగాల్సిన స్టాప్ దాటిపోతుందని ఎక్కువ ఖర్చయినా ఇంటి ముందునుంచి ఆటోలోనే వెళ్తున్నారా? ఈ జాబితా ఖాళీగా ఉంటే, బయలుదేరే ముందు పొట్టలో ఎంత తిప్పినా, మీది చాలావరకు మామూలు టెన్షనే.

డీఎస్ఎం పాత కూర్పులో పెద్దవాళ్లకు ఇంకో షరతు ఉండేది: తన భయం అతిగా ఉందని ఆ మనిషికే తెలిసి ఉండాలని. 2013లో దాన్ని తీసేశారు, ఎందుకంటే ఫోబియా ఉన్న చాలామందికి ప్రమాదం నిజంగానే అంత పెద్దదిగా కనిపిస్తుంది. తెలిసినవాళ్లకైనా ఆ తెలివి పెద్దగా అక్కరకు రాదు. తాడును చూసి పామనుకున్నవాడికి దీపం తెస్తే భ్రాంతి పోతుంది. ఫోబియాలో దీపం పెట్టాక, అది తాడేనని చేత్తో పట్టి చూశాక కూడా చెయ్యి వణుకుతుంది. అందుకే "అందులో భయపడటానికి ఏముంది?" అని ఇంట్లోవాళ్లు ఎంత చెప్పినా ప్రయోజనం ఉండదు.

చివరి షరతు, ఆ భయాన్ని వేరే జబ్బు ఇంతకంటే బాగా వివరించకూడదు. మీ కాగితం ఇక్కడ పనికొస్తుంది. "పడిపోతాను, సాయం దొరకదు, బయటపడలేను" అని చివరికి తేలితే అది అగోరాఫోబియా వైపు చూపిస్తుంది. అందులో బస్సులూ రైళ్లూ, విశాలమైన ఖాళీ చోట్లు, మూసి ఉన్న చోట్లు, క్యూలూ జనం, ఇంటి బయట ఒంటరిగా ఉండటం అనే 5 సందర్భాల్లో కనీసం రెండింటికి భయం ఉండాలి. నలుగురూ ఏమనుకుంటారో అని తేలితే సోషల్ యాంగ్జైటీ. ఒకప్పుడు నిజంగా తప్పిపోయి భయంకరమైన అనుభవం ఎదురై, అది ఇప్పటికీ కలల్లోకి వస్తుంటే, అక్కడికి తిరిగి వెళ్లినట్టే అనిపిస్తుంటే, దాన్ని మనసుకు తగిలిన గాయంగా చూసి వైద్యం చేస్తారు. ఇవన్నీ పైకి ఒకేలా కనిపిస్తాయి, "నేను ఒంటరిగా వెళ్లలేను" అనే మాటలోనే ముగుస్తాయి.

3. మీకు రానిది ధైర్యమా, దారా?

చాలామంది ఈ రెండింటినీ కలిపేస్తారు. కొందరికి భయం పెద్దగా ఉండదు, దిక్కులు నిజంగానే తెలియవు. మన మెదడులో హిప్పోకాంపస్ అనే భాగంలో, మనం ఒక ఫలానా చోట ఉన్నప్పుడు మాత్రమే స్పందించే కణాలుంటాయి. జాన్ ఓకీఫ్ 1971లో వీటిని ఎలుకల్లో కనిపెట్టాడు. 2005లో మే-బ్రిట్ మోజర్, ఎడ్వర్డ్ మోజర్ దంపతులు దాని పక్క భాగంలో, చోటును గళ్లు గళ్లుగా కొలిచే కణాల్ని కనుగొన్నారు. ముగ్గురికీ కలిపి 2014లో నోబెల్ బహుమతి వచ్చింది. ఈ ఏర్పాటు అందరిలోనూ ఒకే తీరుగా పనిచేయదు. మెదడుకు ఏ దెబ్బా తగలకుండా, మిగతా తెలివితేటలన్నీ బాగుండి కూడా, చిన్నప్పటినుంచీ తెలిసిన వీధుల్లోనే దారి తప్పేవాళ్లున్నారని 2009లో జుసెప్పే ఇయారియా బృందం మొదటిసారి ఒక వ్యక్తి వివరాలతో ప్రచురించింది. అలాంటివాళ్లకు భయం ఉంటే దానికి తగిన కారణం కూడా ఉన్నట్టే.

మీ సంగతి తేల్చుకోవడానికి ఒక తేలిక పరీక్ష. నమ్మకమైన మనిషిని వెంటబెట్టుకుని, మీకు తెలియని చోట అరగంట నడవండి. దారి చూపించే బాధ్యత వాళ్లది, చూస్తూ రావడం మీ పని. ఇంటికొచ్చాక ఆ దారిని కాగితం మీద గీయండి. మలుపులూ గుర్తులూ చాలావరకు సరిగ్గా వస్తే మీ దిక్కుల తెలివి బాగానే ఉంది, ఒంటరిగా ఉన్నప్పుడు భయం దాన్ని కప్పేస్తోంది. భయపడ్డ మనిషి చూపు లోపలికి తిరుగుతుంది: గుండె ఎలా కొట్టుకుంటోంది, ఎంత టైమైంది, ఫోన్లో ఛార్జింగ్ ఎంతుంది. మూలమీద ఉన్న నీలం గేటు కంటికి కనిపించినా మనసుకెక్కదు. దాంతో నిజంగానే దారి తప్పుతారు, "చూశావా, నాకు దారులు రావు" అని మరోసారి రుజువైపోతుంది.

తోడున్నా గీయలేకపోతే ముందు నేర్చుకోవాల్సింది దారి చూసే అలవాటు. ఇది సాధనతో వస్తుంది. లండన్ టాక్సీ డ్రైవర్లు ఆ ఊరి వీధుల్ని కంఠతా పట్టాలి. 2000లో ఎలినార్ మగ్వైర్ బృందం వాళ్ల మెదళ్లను స్కాన్ చేసి, హిప్పోకాంపస్ వెనక భాగం మామూలువాళ్లకంటే పెద్దగా ఉందనీ, ఎక్కువ ఏళ్లు నడిపినవాళ్లలో అది ఇంకా పెద్దగా ఉందనీ చూపించింది. మనకు అంత అక్కర్లేదు. ప్రతి మలుపు దగ్గర ఒక గుర్తును పైకి చెప్పుకోవడం, తిరుగు దారి ఎలా ఉంటుందో ఒకసారి వెనక్కి తిరిగి చూడటం, ఈ రెండూ చాలు. వెనక్కి తిరిగి చూడటం చిన్న విషయంలా ఉంటుంది గానీ, వెళ్లేటప్పుడు చూసిన వీధికీ వచ్చేటప్పుడు కనిపించే వీధికీ పోలికే ఉండదు.

ఒక హెచ్చరిక. ఇన్నాళ్లూ బాగా తెలిసిన దారుల్లో ఈ మధ్యనే తడబడటం మొదలైతే, ముఖ్యంగా వయసు పైబడినవాళ్లలో, దాన్ని భయం అనుకుని వదిలేయకండి. అల్జీమర్స్‌లో ముందుగా దెబ్బతినే భాగాల్లో దారుల్ని గుర్తుపెట్టుకునే ప్రాంతం కూడా ఉంది. తలకు దెబ్బ తగిలాక, కొత్త మందు మొదలుపెట్టాక, తల తిరుగుడుతో పాటు వచ్చినా అంతే. ముందు డాక్టర్ దగ్గరికి వెళ్లండి, ఈ వ్యాసం తర్వాత చదవొచ్చు.

4. మీ ఊతలు ఏవో పట్టుకోండి

ఫోబియా ఎందుకు వదలదో 1947లోనే ఓ. హెచ్. మౌరర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త వివరించాడు. భయపడే చోటునుంచి తప్పుకున్న ప్రతిసారీ హాయిగా అనిపిస్తుంది. ఆ హాయే బహుమతి. మెదడు "తప్పుకున్నాను కాబట్టి బతికాను" అని రాసుకుంటుంది, తప్పుకోకపోయినా బతికేవాడివే అని తెలుసుకునే అవకాశం దానికి ఎప్పటికీ దొరకదు.

పూర్తిగా మానేయడం ఒక్కటే తప్పుకోవడం కాదు. వెళ్తూనే తప్పుకోవచ్చు. దారంతా ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతూనే ఉండటం, లైవ్ లొకేషన్ ఆన్ చేసి "చూస్తున్నావా?" అని పది నిమిషాలకోసారి మెసేజ్ పెట్టడం, ముందురోజు వెళ్లి దారి చూసి రావడం, గంట పట్టే చోటికి మూడు గంటల ముందు బయలుదేరడం, దగ్గరి దారి ఉన్నా ఎప్పుడూ అదే చుట్టు దారిలో పోవడం, మ్యాప్ మీద నీలం చుక్కనుంచి కళ్లు తిప్పకపోవడం. ఇవే ఊతలు. వీటి సాయంతో క్షేమంగా చేరినప్పుడు ఆ ఘనత వీటికే పోతుంది, మీకు రాదు.

ఛార్జింగ్ ఉన్న ఫోన్, చేరాల్సిన చోటు అడ్రస్, కొంచెం డబ్బు కూడా ఊతలేనా అంటే కావు. దారి గురించి భయంలేని మనిషి కూడా అదే పని అదే మోతాదులో చేస్తాడా అని అడిగితే తేడా తెలిసిపోతుంది. చేస్తే అది జాగ్రత్త.

మ్యాప్ యాప్‌ల గురించి నా అభిప్రాయం, పూర్తిగా మానమనడం చాదస్తం. అయినా 2020లో వచ్చిన ఒక పరిశోధనలో, జీపీఎస్ ఎక్కువగా వాడినవాళ్లు దాని సాయం లేకుండా దారి వెతకాల్సి వచ్చినప్పుడు వెనకబడ్డారని తేలింది. బయలుదేరే ముందు ఒకసారి మొత్తం దారి చూసుకుని, ఫోన్ సంచిలో పెట్టి, నిజంగా అవసరమైనప్పుడే తీయడం మంచి మధ్యేమార్గం.

5. మెట్లు కట్టుకోండి

మీరు తప్పుకుంటున్న పనులన్నీ రాసి, ఒక్కోదానికి 0 నుంచి 100 దాకా భయం మార్కులు వేయండి. ఈ పద్ధతి జోసెఫ్ వోల్పే అనే డాక్టర్ నుంచి వచ్చింది. భయాన్ని చిన్నదాంతో మొదలుపెట్టి మెట్లు మెట్లుగా ఎదుర్కోవడాన్ని ఒక చికిత్సగా 1958లో ఆయన పుస్తకరూపంలో పెట్టాడు. మార్కులు మీ ఇష్టం, ఎవరితోనూ పోల్చుకోనక్కర్లేదు. ఒకరి మెట్లు ఇలా ఉండొచ్చు:

తెలిసిన చోటికి రోజూ వెళ్లని సందులోంచి నడవడం: 25
దిగాల్సిన స్టాప్‌కి ఒక స్టాప్ ముందు దిగి, మిగతా దూరం నడవడం: 35
దారి తెలిసినా కొత్త మనిషిని ఆపి అడగడం: 40
పెద్ద మాల్‌లో బోర్డులు మాత్రమే చూసి ఒక షాపు వెతకడం: 50
తెలియని పేటలో, ఫోన్ సంచిలో ఉంచి, పావుగంట తోచిన మలుపు తిరుగుతూ నడవడం: 70
కొత్త ఊళ్లో బస్సు దిగి, ఎవరికీ ఫోన్ చేయకుండా ఒక అడ్రస్‌కి చేరడం: 85

అయిదో మెట్టు చూశారు కదా, కావాలని దారి తప్పడం. ఈ పద్ధతికి అదే గుండెకాయ, దాన్ని మాత్రం వదలొద్దు. దారి తప్పకుండా వెయ్యిసార్లు వెళ్లొచ్చినా, తప్పితే ఏమవుతుందో మీకు తెలియకుండానే మిగిలిపోతుంది. మీ భయం ఉన్నది సరిగ్గా ఆ తెలియని భాగంలోనే.

చోటు ఎంచుకునేటప్పుడు మాత్రం రాజీ పడకండి. పగటిపూట, జనం తిరిగే చోటు, వాతావరణం బాగున్న రోజు. అడవులు, కొండలు, రాత్రివేళలు, మీకు సురక్షితం కాదని తెలిసిన పేటలు ఈ సాధనకు పనికిరావు. వాహనం నడుపుతూ మొదలుపెట్టొద్దు, ముందు కాలినడకన. గుండె జబ్బు ఉన్నవాళ్లు, ఫిట్స్ వచ్చేవాళ్లు డాక్టర్‌ని అడిగాకే.

6. ఒక్కో మెట్టు ఎక్కే తీరు

30, 40 మార్కుల మెట్టుతో మొదలుపెట్టండి. మరీ సులువైనదాంతో మొదలుపెడితే నేర్చుకునేది ఏమీ ఉండదు.

బయలుదేరే ముందు ఒక వాక్యం రాయండి: ఏం జరుగుతుందని అనుకుంటున్నారు? "టెన్షన్‌గా ఉంటుంది" అని రాస్తే లాభం లేదు, అది ఎలాగూ ఉంటుంది. తర్వాత సరిచూసుకోవడానికి వీలుగా రాయాలి: "నలుగుర్ని అడిగినా ఎవరూ చెప్పరు", "గంటలోగా తిరిగి మెయిన్ రోడ్డు చేరలేను", "కళ్లు తిరిగి పడిపోతాను". మిషెల్ క్రాస్క్ వంటి పరిశోధకులు చెప్పేదేమిటంటే, భయం తగ్గే పనిలో ఎక్కువ బలం ఉన్నది ఇక్కడే: మీరు ఊహించింది ఒకటి, జరిగింది ఇంకొకటి కావడంలో. ఊహ రాసి పెట్టుకోకపోతే, తర్వాత "ఈసారి అదృష్టం బాగుంది" అని మనసు కొట్టిపారేస్తుంది.

ఇక వెళ్లండి. భయం వస్తుంది. గుండె వేగం పెరుగుతుంది, అరచేతులు చెమర్చుతాయి, నోరెండిపోతుంది. గబగబా ఊపిరి తీసేసరికి రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి తల తేలిపోయినట్టు, పెదాల చుట్టూ వేళ్ల చివర్లా తిమ్మిరెక్కినట్టు అవుతుంది. ఇది బాగా ఇబ్బంది పెడుతుందే గానీ, దానంతట అదే తగ్గుతుంది. పడిపోతానని భయపడేవాళ్లకు ఒక మాట: కళ్లు తిరిగి పడిపోవాలంటే బీపీ పడిపోవాలి, ఇలాంటి గాభరాలో సాధారణంగా అది పెరుగుతుంది. రక్తం, సూదులు చూస్తే భయపడేవాళ్లు దీనికి మినహాయింపు, వాళ్లకు నిజంగానే బీపీ పడిపోతుంది.

నిదానంగా ఊపిరి వదలండి, నడక తగ్గించండి. కానీ భయాన్ని సున్నాకి తెచ్చాకే కదులుతానని పట్టుబట్టొద్దు. అలా చేస్తే ఊపిరి వ్యాయామం కూడా కొత్త ఊత అయిపోతుంది. భయం 60 దగ్గరున్నా సరే, చుట్టూ ఉన్నవి చూస్తూ నడవొచ్చు. భయం బాగా పెరిగిన క్షణంలోనే ఆటో ఎక్కి ఇంటికి రావడం మాత్రం మానండి. అది మౌరర్ చెప్పిన బహుమతిని మళ్లీ చేతిలో పెట్టడమే. అక్కడే కాసేపు కూర్చోండి, కొంచెం దిగాక రండి.

ఇంటికొచ్చాక రాసిన వాక్యం తీయండి. ఎంతమందిని అడిగారు, ఎంతమంది చెప్పారు, ఎంతసేపట్లో మెయిన్ రోడ్డు చేరారు? జరిగింది దాని పక్కనే రాయండి. ఆ మెట్టునే మళ్లీ చేయండి, అయితే వేరే పేటలో, వేరే సమయంలో. ఒకే సందులో రోజూ తిరిగితే ఆ సందు భయం మాత్రమే పోతుంది.

7. నిజంగా తప్పిపోయినప్పుడు

ఆగండి. భయం నడక వేగం పెంచుతుంది, వేగంగా వేసిన ప్రతి అడుగూ తెలిసిన చోటుకు దూరం చేస్తుంది. తప్పిపోయినవాళ్లకు గాలింపు దళాలు నేర్పే క్రమం కూడా ఇదే: ఆగు, ఆలోచించు, చుట్టూ చూడు, తర్వాతే ఏం చేయాలో నిర్ణయించు. చివరగా ఖాయంగా తెలిసిన చోటు ఏదో గుర్తు తెచ్చుకోండి. అక్కడికి వెనక్కి వెళ్లగలిగితే అదే మంచి పని. "ఇటు పోతే కలుస్తుందిలే" అని ముందుకు పోవడం కన్నా వెనక్కి రావడం చాలాసార్లు తక్కువ నడక.

ఊళ్లో అయితే అడగండి. వేగంగా నడిచి వెళ్లేవాళ్లకంటే అక్కడే కూర్చుని పనిచేసేవాళ్లను అడగడం మేలు, వాళ్లకు ఆ చుట్టుపక్కల తెలుస్తుంది. మొత్తం దారి ఒకేసారి చెప్పించుకోవద్దు. గాభరాలో ఉన్న బుర్రకు మూడో మలుపు తర్వాత ఏదీ ఎక్కదు. "ఇక్కణ్నుంచి ముందు ఎటు?" అని మొదటి రెండు మలుపులు తెలుసుకుని, అక్కడికి వెళ్లి మరొకరిని అడగండి. దీనివల్ల మొదటి మనిషి తప్పు చెప్పినా బయటపడుతుంది. బండి నడుపుతుంటే పక్కకు ఆపాకే మ్యాప్ చూడండి.

అడవిలో, కొండ మీద అయితే లెక్క వేరు. వెనక్కి వెళ్లే దారి ఖాయంగా తెలియకపోతే ఉన్నచోటే ఉండటం మంచిది. కదలని మనిషిని వెతకడం తేలిక. పొద్దు ఉండగానే నీడా వెచ్చదనం చూసుకోండి, ఫోన్ బ్యాటరీ మిగుల్చుకోండి, పైనుంచి కనిపించే చోట కొట్టొచ్చినట్టు కనబడే రంగు బట్ట ఏదైనా పరవండి. ఈల ఉంటే మూడుసార్లు చొప్పున ఊదండి, మూడు అనేది సాయం అడిగే గుర్తు.

8. ఇంట్లో ఎవరికైనా ఈ భయం ఉంటే

పిల్లల్లో ఇది ఏడుపుగానో, మొండితనంగానో, కొయ్యబారి నిలబడటంగానో, మిమ్మల్ని వదలకుండా పట్టుకోవడంగానో కనిపిస్తుంది. చిన్న వయసులో చాలావరకు మామూలే. "చెయ్యి వదిలితే ఎవరో ఎత్తుకుపోతారు" అని బెదిరించే బదులు, తప్పిపోతే ఉన్నచోటే నిలబడమనీ, అమ్మానాన్నల అసలు పేర్లూ ఒక ఫోన్ నంబరూ ఎలా చెప్పాలో, ఎవరి దగ్గరికి వెళ్లాలో నేర్పండి. బెదిరింపు గుర్తుంటుంది, కానీ ఆ క్షణంలో ఏం చేయాలో అది చెప్పదు.

పెద్దవాళ్ల విషయంలో, ప్రతిచోటికీ తోడు వెళ్లే భర్తో, అక్కో, కొడుకో ప్రేమతోనే ఊతగా మారిపోతారు. ఒక్కసారిగా మానేస్తే అది శిక్షలా ఉంటుంది. ఇద్దరూ మాట్లాడుకుని తగ్గించండి: ఈ వారం గేటు దాకా, వచ్చే వారం బస్టాప్ దాకా, ఆ తర్వాత చేరాక ఒక్క ఫోన్. నడుమ ఫోన్ వస్తే విసుక్కోకండి, దారి కూడా చెప్పకండి. "ఇప్పుడు నీకు ఎదురుగా ఏం కనిపిస్తోంది?" అని అడిగి, తర్వాత ఏం చేయాలో వాళ్లనే తేల్చుకోనివ్వండి.

9. ఎప్పుడు సైకాలజిస్ట్ దగ్గరికి

మొదటి మెట్టే ఎక్కలేకపోతే, భయంతో పాటు దిగులు గానీ మద్యం అలవాటు గానీ ఉంటే, పానిక్, అంటే ఒక్కసారిగా ముంచెత్తే గాభరా, ఏ కారణం లేకుండా ఇంట్లో ఉన్నప్పుడు కూడా వస్తుంటే, లేదా పాత గాయం దీని వెనక ఉందనిపిస్తే ఒంటరిగా చేయొద్దు. స్పెసిఫిక్ ఫోబియాకు అన్నిటికన్నా బాగా పనిచేస్తుందని తేలింది, భయపడే పరిస్థితిని ఎదుర్కొనేలా చేసే ఎక్స్‌పోజర్ చికిత్సే. ఏళ్ల తరబడి సాగుతుందని జంకక్కర్లేదు. స్వీడన్‌కి చెందిన లార్స్-యోరాన్ ఊస్ట్ 1989లో వివరించిన పద్ధతిలో గరిష్ఠంగా 3 గంటలపాటు సాగే ఒకే సిట్టింగ్‌లో చేస్తారు, కొన్ని రకాల ఫోబియాలకు అది బాగా పనిచేసింది. మాత్రల గురించి డాక్టర్ చెప్పాలి. ఎవరో ఇచ్చిన నిద్రమాత్రో, మత్తుమందో వేసుకుని బయలుదేరితే, క్షేమంగా చేరిన ఘనత దానికే పోతుంది, పైగా దారి చూసే తెలివి మందగిస్తుంది.

వెళ్లేటప్పుడు మూడు కాగితాలు పట్టుకెళ్లండి: "అయితే?" అంటూ దిగిన కాగితం, వదులుకున్న పనుల జాబితా, మార్కులు వేసిన మెట్లు. మొదటి సిట్టింగ్‌లో వాళ్లు అడిగేది చాలావరకు అందులోనే ఉంటుంది. మిమ్మల్ని భయపడే చోటికి ఎలా, ఎంత వేగంగా తీసుకెళ్తారని అడగండి. మాటలతో ధైర్యం చెప్పడమే తప్ప బయటికి వెళ్లే ప్రణాళిక ఏదీ లేదంటే, మరొకరిని కలవడం నయం.

మెట్లన్నీ ఎక్కాక కూడా కొత్త ఊరికి మారినప్పుడో, జ్వరం తగ్గి లేచినప్పుడో, చాలా రోజులు బయటికి వెళ్లకుండా ఉండిపోయినప్పుడో భయం మళ్లీ తల ఎత్తుతుంది. మొదటికొచ్చిందని కాగితాలు చింపేయకండి. ఆగిన మెట్టుకి రెండు మెట్లు కిందనుంచి మళ్లీ మొదలుపెట్టండి. ఒకసారి ఎక్కినవి కాబట్టి ఈసారి సాధారణంగా త్వరగా అవుతుంది.